'వై' నొక్కింది ఎవరు? బాష్ స్క్రిప్ట్‌ని పైథాన్‌లోకి మార్చినప్పుడు ఇన్‌పుట్ దగ్గర జరిగిన తప్పు

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం ఇబ్బందిగానే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. మా పెద్దనాన్న గారి అబ్బాయికి తెనాలిలో ఒక ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, అన్నీ తీస్తాడు. అక్కడ ఒక పాత లైనక్స్ కంప్యూటర్‌లో ఒక బాష్ స్క్రిప్ట్ ఉండేది. నేను దాన్ని పైథాన్‌లోకి మార్చాను. మార్చిన రోజు సాయంత్రమే ఎనిమిది ఫంక్షన్ల ఫొటోలు డిలీట్ అయిపోయాయి. ఎవరూ 'వై' నొక్కలేదు. ఎవరూ ఎంటర్ కూడా నొక్కలేదు.

అదెలా జరిగిందో చెప్తాను. ఫోన్‌లో టెర్మక్స్ ఉన్నవాళ్లు చదువుతూనే ట్రై చేయొచ్చు, ఇందులో చాలా వరకు ఫోన్‌లోనే చూడొచ్చు.

ముందు ఆ స్క్రిప్ట్ ఏం చేసేదో చూద్దాం. డిస్క్ నిండినప్పుడు అన్నయ్య పాత ఫోల్డర్ల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైనుకి ఒకటి చొప్పున రాస్తాడు. స్క్రిప్ట్ ఆ లిస్ట్‌ని ఒక్కో లైనూ చదివి, ఆ ఫోల్డర్ పేరు చూపించి, "తీసెయ్యనా?" అని అడుగుతుంది. ఆల్బమ్, వీడియో రెండూ ఇచ్చేసిన పార్టీ అయితే అన్నయ్య 'వై' కొడతాడు, వీడియో ఎడిటింగ్ ఇంకా మిగిలి ఉంటే 'ఎన్' కొడతాడు. అంతే. ఇరవై లైన్లు కూడా లేవు. అక్కడ ఇంతకు ముందు పనిచేసిన కుర్రాడు రాసి వెళ్లిపోయాడు.

బాష్‌లో అది ఇలా ఉండేది: బయట ఒక వైల్ లూప్, అందులో రీడ్ కమాండ్ లిస్ట్ నుంచి ఫోల్డర్ పేరు తీసుకుంటుంది. లూప్ లోపల ఇంకో రీడ్, జవాబు కోసం. ఆ రెండో రీడ్ చివర్లో లెస్ దేన్ గుర్తు పెట్టి, స్లాష్ డెవ్ స్లాష్ టీటీవై అని ఉంది. ఆ తోక ముక్క ఏంటో నాకు అప్పుడు తెలీదు. తెలీదు కాబట్టి అక్కర్లేదేమో అనుకున్నాను. పైథాన్‌లో రీడ్‌కి బదులు ఇన్‌పుట్ అనే ఫంక్షన్ ఉంటుంది కదా, అది పెట్టేసి, తోక తీసేశాను. బయటి లూప్‌కి ఫర్ లైన్ ఇన్ సిస్ డాట్ ఎస్‌టీడీఇన్. చూడ్డానికి చాలా నీట్‌గా వచ్చింది.

ఇంకో పని కూడా చేశాను. పాత స్క్రిప్ట్ జవాబు 'వై' అయితేనే తీసేది. అన్నయ్య "ప్రతిసారీ వై, వై అని కొట్టలేక చస్తున్నారా" అన్నాడు. సరే అని, 'ఎన్' కొడితే వదిలెయ్, ఇంకేం కొట్టినా తీసెయ్, అని మార్చాను. ఉత్త ఎంటర్ కొట్టినా పనైపోతుంది, బాగుంది కదా!

సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఏరా, ఇది అడిగి ఆగట్లేదేంటి?"

"అన్నయ్యా, నువ్వు ఏం నొక్కావు?"

"నేనేం నొక్కలేదురా. అడుగుతూ పోయింది, చివర్లో ఏదో ఎర్రర్ ఇచ్చి ఆగింది."

స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. తొమ్మిది ప్రశ్నలు, ఒకదాని వెనక ఒకటి అతుక్కుపోయి, మధ్యలో ఎక్కడా కొత్త లైను లేకుండా. చివర్లో ఈఓఎఫ్ ఎర్రర్, "ఈఓఎఫ్ వెన్ రీడింగ్ ఎ లైన్" అని. లిస్ట్‌లో పదిహేడు ఫోల్డర్లు ఉన్నాయి. ప్రశ్నల్లో కనిపించినవి ఒకటి, మూడు, ఐదు, ఏడు... అలా ఒకటి విడిచి ఒకటి. మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటే సంతోషం. నాకు అర్థం కావడానికి అరగంట పట్టింది.

ప్రోగ్రామ్ ఏదైనా మొదలైనప్పుడు దానికి మూడు కిటికీలు తెరిచి ఉంటాయి. సున్నా నంబరు కిటికీ ఇన్‌పుట్, ఒకటి అవుట్‌పుట్, రెండు ఎర్రర్లకి. సున్నా కిటికీ అవతల మామూలుగా మన కీబోర్డ్ ఉంటుంది. కానీ లెస్ దేన్ గుర్తు పెట్టి ఫైల్ ఇచ్చామంటే, కీబోర్డ్‌ని పక్కకి జరిపి అక్కడ ఆ ఫైల్‌ని నిలబెట్టినట్టు. ప్రోగ్రామ్ కిటికీలోంచి చెయ్యి చాపుతుంది, ఒక లైను తీసుకుంటుంది. ఇచ్చింది మనిషా, ఫైలా అని తనంతట తాను చూడదు.

సో, నా పైథాన్ స్క్రిప్ట్ ఏం చేసింది? మొదటి లైను తీసుకుంది, అది ఫోల్డర్ పేరు. తర్వాత "తీసెయ్యనా?" అని అడిగి, జవాబు కోసం అదే కిటికీలో చెయ్యి పెట్టింది. అక్కడ అన్నయ్య లేడు. లిస్ట్‌లో రెండో లైను ఉంది. రెండో ఫోల్డర్ పేరే జవాబు అయిపోయింది! అది 'ఎన్' కాదు కదా, కాబట్టి మొదటి ఫోల్డర్ తీసెయ్. తర్వాత మూడో లైను ఫోల్డర్, నాలుగో లైను జవాబు. అలా ఎనిమిది తీసేసింది, ఎనిమిది పేర్లని జవాబులుగా మింగేసింది. పదిహేడో ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి జవాబుకి లైన్లు అయిపోయాయి, అందుకే ఆ ఎర్రర్. ఆ పదిహేడోది బతికింది లిస్ట్‌లో బేసి సంఖ్యలో పేర్లు ఉండబట్టే. పద్దెనిమిది ఉండి ఉంటే తొమ్మిది పోయేవి, ఎర్రర్ కూడా వచ్చేది కాదు, అన్నయ్య ఫోన్ కూడా చేసేవాడు కాదేమో.

ప్రశ్నలన్నీ ఒకే లైనులో ఎందుకు అతుక్కున్నాయి? మనం టైప్ చేసి ఎంటర్ కొట్టినప్పుడు స్క్రీన్ మీద కర్సర్ కిందకి దిగుతుంది కదా. ఆ దిగడం మన ప్రోగ్రామ్ పని కాదు. మనం కొట్టిన ఎంటర్‌ని టెర్మినల్ తిరిగి మనకే చూపిస్తుంది. ఎవరూ ఎంటర్ కొట్టకపోతే కిందకి దిగదు. ఎప్పుడైనా మీ స్క్రీన్ మీద ప్రశ్నలు ఇలా ఒకే వరసలో కనిపిస్తే, జవాబులు కీబోర్డ్ నుంచి రావట్లేదని అనుమానించండి.

ఇప్పుడు ఆ తోక సంగతి. స్లాష్ డెవ్ స్లాష్ టీటీవై అంటే "ఈ ప్రోగ్రామ్‌ని నడుపుతున్న టెర్మినల్ ఏదో, అది". సున్నా కిటికీ దగ్గర ఎవరిని నిలబెట్టినా సరే, దీన్ని తెరిస్తే నేరుగా కీబోర్డ్, స్క్రీన్ దగ్గరికే వెళ్తాం. టీటీవై అనేది టెలీటైప్ అనే మాటకి పొట్టి రూపం, కాగితం మీద టైప్ చేసుకుంటూ పోయే పాత యంత్రాల కాలం నాటి పేరు. పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్‌లు చాలా వరకు ఇలాగే చేస్తాయి. ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌ని ఇక్కడినుంచే అడుగుతుంది. సుడో కూడా అంతే, ఎస్ ఆప్షన్ ఇస్తే తప్ప. పైథాన్‌లో గెట్‌పాస్ మాడ్యూల్ కూడా ముందు దీన్నే తెరవడానికి చూస్తుంది. అంటే ఆ కుర్రాడు ఒక్క ముక్కలో "లిస్ట్ ఫైల్ నుంచి, జవాబు మనిషి నుంచి" అని రాసి పెట్టాడు. నేను ఆ ముక్కనే కోసేశాను.

భాష మార్చేటప్పుడు మనం చేసే పొరపాటు ఇదే. రీడ్‌కి పైథాన్‌లో ఏం ఉంది, గూగుల్ చేస్తే ఇన్‌పుట్ అని వస్తుంది, పెట్టేస్తాం. ప్రశ్నని మారుస్తున్నాం, జవాబు ఎక్కడినుంచి రావాలి అన్నదాన్ని వదిలేస్తున్నాం. పైగా ఆ రెండు ఫంక్షన్లూ ఒకేలా ప్రవర్తించవు.

చిన్నవి ముందు చూద్దాం. బాష్‌లో రీడ్ మామూలుగా లైను ముందూ వెనకా ఉన్న స్పేసులు తీసేస్తుంది. పైథాన్ ఇన్‌పుట్ చివరి ఎంటర్‌ని మాత్రమే తీస్తుంది, స్పేసులు అలాగే ఉంచుతుంది. ఫోన్‌లో ఇది బాగా తగులుతుంది. టెర్మక్స్‌లో కింద ఉండే అదనపు కీల వరసని ఎడమకి స్వైప్ చేస్తే ఒక టెక్స్ట్ బాక్స్ వస్తుంది చూశారా, అక్కడ కీబోర్డ్ సజెషన్ నొక్కితే పదం వెనక ఒక స్పేస్ కూడా వచ్చి చేరుతుంది. బాష్‌లో పర్లేదు. పైథాన్‌లో "ఎస్" వేరు, "ఎస్" స్పేస్ వేరు. స్ట్రిప్ పెట్టుకోవాలి. పెర్ల్‌లో అయితే ఎంటర్ కూడా అతుక్కునే వస్తుంది, చాంప్ చేస్తేనే పోతుంది. రూబీలో గెట్స్ కూడా అంతే. రూబీ గెట్స్‌కి ఇంకో విచిత్రం ఉంది: స్క్రిప్ట్ పేరు పక్కన ఏవైనా ఆర్గ్యుమెంట్లు ఇస్తే, అవి ఫైల్ పేర్లనుకుని, కీబోర్డ్‌ని వదిలేసి ఆ ఫైళ్లలోంచి చదవడానికి వెళ్లిపోతుంది.

గో భాషలో స్కాన్‌లైన్ వాడి "పూర్తి పేరు" అడిగారనుకోండి, "సాయి తేజ" అని కొడితే "సాయి" మాత్రమే వస్తుంది, ఎందుకంటే అది స్పేస్ దగ్గర ముక్క చేస్తుంది. ఎర్రర్ ఇస్తుంది గానీ దాన్ని చెక్ చేసేది ఎంతమంది? జావా గురించి బీటెక్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ల్యాబ్‌లో నెక్స్ట్ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పెడితే, పేరు అడగకుండానే దాటిపోతుంది. నంబరు వెనక మనం కొట్టిన ఎంటర్ అక్కడే మిగిలిపోయి ఉంటుంది, దాన్నే ఖాళీ లైనుగా తీసుకుంటుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామ్‌లో ఇది తగిలితే చెమటలు పడతాయి.

పాత పైథాన్ 2 స్క్రిప్ట్ మారుస్తుంటే ఇంకా జాగ్రత్త. అందులో ఇన్‌పుట్ అంటే మనం కొట్టినదాన్ని పైథాన్ కోడ్‌గా నడిపేస్తుంది. ఇప్పుడు మనం వాడే ఇన్‌పుట్‌కి అందులో పేరు రా అండర్‌స్కోర్ ఇన్‌పుట్. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది, కానీ కాలేజీ ల్యాబుల్లో, పాత సర్వర్లలో ఆ స్క్రిప్టులు ఇంకా దొరుకుతాయి.

ఇప్పుడు పెద్దది. అవతల ఎవరూ లేకపోతే ఏమవుతుంది? ఫైల్ అయిపోయింది, లేదా రాత్రి రెండింటికి క్రాన్ నడిపిస్తోంది, కూర్చున్న మనిషే లేడు. దీన్ని ఈఓఎఫ్ అంటాం, ఫైల్ చివర అని. మీరు కీబోర్డ్ నుంచే ఇది పంపొచ్చు: ఖాళీ లైను మీద కంట్రోల్ డి. టెర్మక్స్‌లో వాల్యూమ్ డౌన్ బటన్ పట్టుకుని డి నొక్కండి, అదే కంట్రోల్ డి.

ఇక్కడ ఒక్కో భాషది ఒక్కో స్వభావం. బాష్‌లో రీడ్ "నాకేం దొరకలేదు" అని ఒక స్టేటస్ కోడ్ ఇస్తుంది, వేరియబుల్ ఖాళీగా ఉంటుంది, స్క్రిప్ట్ ఏమీ జరగనట్టు ముందుకి వెళ్లిపోతుంది. పైథాన్ ఎర్రర్ వేసి ఆగుతుంది. రూబీ నిల్ ఇస్తుంది, పెర్ల్ అన్‌డెఫ్ ఇస్తుంది. నా ఉద్దేశంలో పైథాన్ పద్ధతే మంచిది, అన్నయ్య విషయంలో చివరి ఫోల్డర్‌ని కాపాడింది అదే. కానీ మనం ఏం చేస్తాం? ఎర్రర్ వచ్చిందని చిరాకుపడి ట్రై, ఎక్సెప్ట్, పాస్ అని చుట్టేస్తాం. అలా చుట్టేస్తే పైథాన్‌ని కూడా బాష్ లాగా మౌనంగా మార్చేసినట్టే. ఇంకో రకం కూడా ఉంది: "తప్పు జవాబు, మళ్లీ చెప్పండి" అని తిరిగే లూప్. ఈఓఎఫ్‌ని పట్టుకోకపోతే అది ఆగదు. పొద్దున లేచి చూస్తే లాగ్ ఫైల్ నిండా "మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి".

ప్రశ్న ఎక్కడ కనిపిస్తుంది అన్నది కూడా చూసుకోండి. బాష్‌లో రీడ్‌కి పీ ఆప్షన్‌తో ఇచ్చిన ప్రశ్న రెండో కిటికీ, అంటే ఎర్రర్ కిటికీ నుంచి వెళ్తుంది, అది కూడా ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి వస్తుంటేనే. అందుకే అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించినా ప్రశ్న స్క్రీన్ మీద కనపడుతుంది. పైథాన్‌లో అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే ప్రశ్న కూడా ఆ ఫైల్‌లోకే పోతుంది. స్క్రీన్ ఖాళీ. మీరు హ్యాంగ్ అయిందనుకుంటారు, అది పాపం మీ జవాబు కోసం కూర్చుని ఉంటుంది. ప్రశ్నని ఎస్‌టీడీఎర్‌కి విడిగా ప్రింట్ చేసి, ఫ్లష్ చేసి, తర్వాత ఉత్త ఇన్‌పుట్ పిలిస్తే ఈ గొడవ ఉండదు.

ఎంటర్ లేకుండా ఒక్క కీ నొక్కితే చాలు అనే స్క్రిప్టులు ఉంటాయి, బాష్‌లో రీడ్‌కి ఎన్ ఒకటి అని ఇస్తే సరిపోతుంది. పైథాన్‌లో దానికి సమానమైనది నేరుగా లేదు. ఎందుకంటే మామూలుగా లైను మొత్తం అయ్యేదాకా అక్షరాలని ఆపి పెట్టేది, బ్యాక్‌స్పేస్ చూసుకునేది పైథాన్ కాదు, కింద ఉన్న కెర్నల్. ఆ పద్ధతిని మార్చాలంటే టీటీవై మాడ్యూల్‌లో సెట్‌సీబ్రేక్ పిలవాలి, పని అవ్వగానే పాత సెట్టింగ్స్‌ని టెర్మియాస్‌తో తిరిగి పెట్టాలి, అది కూడా ఫైనల్లీ బ్లాక్‌లో. మధ్యలో ప్రోగ్రామ్ చచ్చిపోతే టెర్మినల్‌లో ఏం టైప్ చేసినా కనపడదు. అలా అయినప్పుడు విండో మూసెయ్యక్కర్లేదు, గుడ్డిగానే ఎస్‌టీటీవై సేన్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, తిరిగి వస్తుంది. విండోస్‌లో ఇవేవీ ఉండవు, అక్కడ ఎంఎస్‌వీసీఆర్‌టీ మాడ్యూల్‌లో గెట్‌సీహెచ్.

తెలుగులో జవాబు తీసుకునేవాళ్లకి ఒక మాట. ఒక్క అక్షరం చాలు అని ఎన్ ఒకటి పెట్టి, యూజర్ "కి" కొడితే, మీకు వచ్చేది "క" మాత్రమే. మన కంటికి అది ఒక అక్షరం, కంప్యూటర్‌కి హల్లు ఒకటి, గుడి ఇంకొకటి, యూటీఎఫ్ 8లో ఒక్కోటి మూడు బైట్లు. తెలుగు జవాబు కావాలంటే లైను మొత్తం తీసుకోండి.

సరే, స్టూడియో స్క్రిప్ట్‌ని ఎలా సరిచేశానంటే, మొదట తోకని పైథాన్‌లో పెట్టబోయాను. టీటీవైని ఆర్ ప్లస్ మోడ్‌లో ఓపెన్ చేస్తే "సీకబుల్ కాదు" అని ఎర్రర్ వస్తుంది. చదవడానికి ఒకసారి, రాయడానికి ఒకసారి విడివిడిగా ఓపెన్ చేయాలి. పనిచేసింది. కానీ తర్వాత ఆలోచిస్తే, అసలు లిస్ట్‌ని కిటికీలోంచి ఎందుకు పంపాలి? ఫైల్ పేరుని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే స్క్రిప్టే దాన్ని ఓపెన్ చేసుకుంటుంది, సున్నా కిటికీ పూర్తిగా మనిషికే మిగులుతుంది. విండోస్‌లోనూ నడుస్తుంది, అక్కడ టీటీవై అనే ఫైల్ ఉండదు కదా. అదే ఉంచాను. మొదట్లోనే సిస్ డాట్ ఎస్‌టీడీఇన్ డాట్ ఈజ్‌ఏటీటీవై అని అడుగుతుంది, అవతల టెర్మినల్ లేకపోతే ఒక్క ఫోల్డర్ కూడా ముట్టుకోకుండా ఆగిపోతుంది. 'వై' అంటేనే తీస్తుంది, అది కూడా డిలీట్ కాదు, పక్కన ఒక చెత్తబుట్ట ఫోల్డర్‌లోకి జరుపుతుంది. అన్నయ్య ప్రతిసారీ 'వై' కొట్టాల్సిందే. ఇప్పుడు ఏమీ అనట్లేదు.

రీల్స్ కోసం ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడేవాళ్లకి కూడా ఇదే గుంట ఉంది. లిస్ట్ చదివే లూప్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని పిలిస్తే, అది 'క్యూ' నొక్కుతారేమో అని అదే కిటికీలో చెయ్యి పెట్టి చూస్తుంటుంది, మీ లిస్ట్‌లో తర్వాతి పేర్లలో అక్షరాలు మాయమవుతాయి. నోఎస్‌టీడీఇన్ అనే ఆప్షన్ దానికే. ఎస్ఎస్‌హెచ్‌కి అయితే ఎన్ ఆప్షన్. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్‌తో పిలుస్తుంటే ఎస్‌టీడీఇన్‌కి డెవ్‌నల్ ఇవ్వండి, లేకపోతే మీ కిటికీనే దానికీ పంచి ఇచ్చినట్టు.

ఏ స్క్రిప్ట్ మార్చినా నేను ఇప్పుడు అసలు ఫైళ్ల మీద నడపను. ఒక ఉత్తుత్తి ఫోల్డర్ చేసుకుని మూడు సార్లు నడుపుతాను. ఒకసారి కీబోర్డ్‌తో, మామూలుగా. రెండోసారి లెస్ దేన్ గుర్తు పెట్టి స్లాష్ డెవ్ స్లాష్ నల్ ఇచ్చి, అంటే అవతల ఎవరూ లేనట్టు. మూడోసారి ఏదో ఒక చెత్త టెక్స్ట్ ఫైల్‌ని ఇన్‌పుట్‌గా ఇచ్చి. రెండో మూడో సార్లు ఒక్క ఫైల్ కదిలినా ఆ స్క్రిప్ట్ అన్నయ్య దగ్గరికి వెళ్లదు. టెర్మక్స్‌లో ఐదు నిమిషాల పని.

ఆ ఎనిమిది ఫోల్డర్లు ఏమయ్యాయని అడుగుతారు. ఐదు ఎలాగూ తీసెయ్యాల్సినవే. మిగతా మూడింట్లో ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ ఉంది. ఒక పెళ్లిది మెమరీ కార్డ్ ఇంకా వేరే షూట్‌కి వాడలేదు, ఫొటోరెక్ అనే ఫ్రీ టూల్‌తో లాగితే దాదాపు అన్నీ వచ్చాయి, పేర్లు మాత్రం పోయాయి, అన్నయ్యా నేనూ రెండు రాత్రులు కూర్చుని ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అని వరస పెట్టాం. మూడోది ఒక ఓణీల ఫంక్షన్. దాని కార్డ్ మీద అప్పటికే రెండు షూట్లు అయిపోయాయి. ఆల్బమ్‌లో ప్రింట్ వేసిన నలభై ఫొటోలు వాళ్లింట్లో ఉన్నాయి, అంతే. అన్నయ్యతో పాటు నేనూ వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మా అత్తయ్యగారు ఉన్న ఫొటో ఆల్బమ్‌లో ఒకటే ఉంది, మిగతావి మీ దగ్గర ఉన్నాయి కదా అనుకున్నాం" అన్నారు. ఆ ఒక్క ఫొటోనీ మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, పెద్దది ప్రింట్ వేయించి ఇచ్చాం.

వచ్చే ఎపిసోడ్‌లో నోడ్ జేఎస్ తీసుకుంటాను. అందులో జవాబు వచ్చేదాకా ఆగడమే ఉండదు, అది ఇంకో తలనొప్పి. ఉంటాను అండి.